పిల్లి పాలు, ధర్మం ఖాతా

మా ఆఫీసులో కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఖాతాకూ కొన్ని గడులు ఉంటాయి. నంబరు, పేరు, రకం, ఏ తల్లి ఖాతా కిందికి వస్తుంది, బాధ్యులు ఎవరు. అన్నిటికంటే కింద వివరణ అని ఒక గడి. దాన్ని ఖాళీగా వదిలేసినా ఖాతా తయారవుతుంది కాబట్టి ఎవరూ నింపరు. నేను నింపేదాన్ని. ఎవరూ చదవరని తెలిసే నింపేదాన్ని. చదివేవాళ్ళు లేరనుకుంటే నాకు మాటలు బాగానే వస్తాయి.

"ఉన్న మాటలన్నీ ఆ డైరీల పోసి మూత పెడ్తవ్. నాతోని సుత జెర మాట్లాడు" అంటుంది అమ్మ. మేము మౌలాలిలో ఉంటాం. బస్సులో చదువుకునే పుస్తకాన్ని ఆఫీసుకు రాగానే సొరుగులో ఫైళ్ళ కింద పెట్టేస్తాను. బల్ల మీద ఉంటే ఎవరో ఒకరు ఏం చదువుతున్నావని అడుగుతారు. అప్పుడు చెప్పాలి.

మా యజమానులకు ఐదు కంపెనీలు. రెజిమెంటల్ బజార్‌లో తాళ్ళు, గోనెసంచులు, టార్పాలిన్లు అమ్మే కొట్టు అన్నిటికంటే పాతది. దాని సంపాదనతోనే ప్లాస్టిక్ షీట్ల ఫ్యాక్టరీ, గోడౌన్లు, లారీలు, టెంట్ సామాను కంపెనీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఐదింటికీ వేర్వేరు లెక్కలు. కొత్త లోను కోసం వెళ్తే, ఐదూ కలిపి ఒకే లెక్కగా చూపించమన్నారు బ్యాంకువాళ్ళు. ఆ కలపడం కోసమే ఈ సాఫ్ట్‌వేర్. కలపాలంటే ముందు ఐదు పుస్తకాల్లోని ఖాతాలన్నిటినీ ఒక్క పట్టికలోకి తేవాలి. చార్ట్ ఆఫ్ అకౌంట్స్ అంటారు దాన్ని. మేమంతా చార్ట్ అనేవాళ్ళం. అది తయారు చేసే పని నాకిచ్చారు. నేను బాగా చేస్తానని ఇచ్చారో, మిగతావాళ్ళు వద్దన్నారని ఇచ్చారో తెలియదు.

నాకు మాత్రం ఆ పని నచ్చింది. ఫ్యాక్టరీ పుస్తకంలో 'ఎలక్ట్రిసిటీ' అని ఉంటుంది. గోడౌన్ల పుస్తకంలో 'కరెంట్ బిల్లు'. లారీల కంపెనీలో 'కరెంటు షెడ్డు', 'కరెంటు షెడ్డు కొత్త మీటర్'. అన్నీ ఒకటే అని గుర్తుపట్టి, ఒకే నంబరు కిందికి చేర్చాలి. ఒక్కో పేరు చూస్తే అది రాసిన మనిషి కొంచెం కనిపించేవాడు. కొత్త మీటర్ అని విడిగా రాసినవాడికి పాత మీటర్‌తో ఏదో గొడవ జరిగి ఉంటుంది. ఇలాంటివి ఊహించుకుంటూ కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. ఎవరితోనూ మాట్లాడే అవసరం కూడా రాలేదు, పిల్లి పాలు దాకా.

అది పాత కొట్టు పుస్తకంలో ఖర్చుల కింద ఉంది. ఖాతా పేరే 'పిల్లి పాలు'. నా పక్క సీటు అక్క స్క్రీన్ మీదికి వంగి చూసి గట్టిగా నవ్వింది. ఆమెది గుంటూరు వైపు. పెళ్ళయి ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయినా మాట మారలేదు, గొంతు తగ్గలేదు.

"ఇదేం ఖాతానే తల్లీ! దీన్ని పట్టుకెళ్ళి చూపిస్తే బ్యాంకోళ్ళు లోనిస్తారా, పావు లీటరు పాలిస్తారా?"

కొట్టులో లెక్కలు రాసే మునీమ్ గారు మెసేజీలు చూడరు. ఫోన్ చేయడమంటే నాకు నడిచి వెళ్ళడం కంటే కష్టం. అందుకే నడిచి వెళ్ళాను. ఆఫీసు నుంచి స్టేషన్ ముందు దారిలో వెళ్తే పావుగంట. డెబ్బై దాటిన మనిషి, గల్లా పక్కన చిన్న బల్ల ముందు కూర్చుని ఉన్నారు. నా ప్రశ్న విని ఆశ్చర్యపోయారు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"ఎలుకలు సంచులు కొరుకుతయి గద బిడ్డా. పిల్లి ఉంటే కొరకయి. దినాం పావు లీటరు. దానికి జీతం లేదు, లీవు లేదు, పండుగ బోనస్ లేదు. నీకంటే నాకంటే మంచి నౌకరు అది."

ఫ్యాక్టరీవాళ్ళు మందు కొట్టించడానికి పెట్టే ఖర్చు పెస్ట్ కంట్రోల్ కింద ఉంది. పిల్లి పాలను కూడా అక్కడికే చేర్చాను. వివరణ గడిలో రాశాను: గోనెసంచుల గోడౌన్‌లో ఎలుకలు పట్టే పిల్లికి రోజుకు పావు లీటరు. ఆ రోజు బస్సులో పుస్తకం తెరవలేదు. ఆ వాక్యమే తలుచుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ధర్మం ఖాతా మాత్రం అంతకు చాలా ముందే, పని మొదలుపెట్టిన రెండో రోజే వచ్చింది. అదీ పాత కొట్టుదే. ఆదాయాల కింద ఉంది. బిల్లుల్లోంచి వస్తోంది. 4890 అని నంబరిచ్చి, ఇతర ఆదాయం అనే తల్లి కింద పెట్టాను. వివరణ: బిల్లుపై వసూలు. అరనిమిషం కూడా పట్టలేదు. పిల్లి కోసం పావుగంట నడిచినదాన్ని దీని గురించి ఆలోచించనే లేదు.

నేను చేసిన తప్పు తెలియాలంటే 'రకం' గడి గురించి ఒక మాట చెప్పాలి. ఆదాయం అనో ఖర్చు అనో రకం పెట్టిన ఖాతాలు మార్చి నెలాఖరుతో సున్నా అయిపోతాయి. వాటిలో ఉన్నది లాభంలో కలిసిపోతుంది. ఆస్తి అనో అప్పు అనో పెట్టినవి ఎంత ఉంటే అంతతో కొత్త ఏడాదిలోకి వస్తాయి. ఇక్కడ అప్పంటే తెచ్చుకున్న అప్పు ఒక్కటే కాదు. మన దగ్గరే ఉన్నా మనది కానిదంతా ఆ రకంలోకే వస్తుంది. కాలేజీలో మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు ఇదంతా.

ఫిబ్రవరిలో, చార్ట్ దాదాపు పూర్తయ్యాక, గడిచిన ఏళ్ళ లెక్కలు అందులోకి ఎక్కించి చూడమన్నారు మా ఫైనాన్స్ హెడ్ సార్. ఒక ఏడాది ముగింపుకూ తర్వాతి ఏడాది మొదలుకూ తేడా రాకూడదు. నాలుగు కంపెనీలకు రాలేదు. పాత కొట్టుకు వచ్చింది. ప్రతి ఏడాదీ వచ్చింది. వెతుక్కుంటూ పోతే ఏప్రిల్ ఒకటో తారీఖున ఒక ఎంట్రీ దొరికింది. యజమాని మూలధనంలోంచి కొంత తీసి ధర్మం ఖాతాలో వేశారు. పక్కన రాసింది: ధర్మం సొమ్ము వాపస్ తెచ్చినది. అంతకు ముందు ఏడాది చూశాను. అదే తారీఖు, అదే మాట. దాని ముందు ఏడాదీ అంతే. కొత్త సంవత్సరంలో ఎవరో అన్నిటికంటే ముందు ఈ పని చేసి, ఆ తర్వాతే మిగతా లెక్కలు మొదలుపెడుతున్నారు.

మళ్ళీ కొట్టుకు వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయిన వేళ. నలుగురు హమాలీలు గోనెసంచులు కట్టిన బేళ్ళ మీద కూర్చుని ఉన్నారు. మునీమ్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ నా మాట విన్నారు.

"అదా? అది తప్పిపోయే బర్రె అసొంటిది బిడ్డా. ఏప్రిల్ రాంగనే పోతది. నేను పోయి తోల్కొస్త."

"ఎందుకు పోతది తాతా?"

"కంప్యూటర్ వచ్చిన కొత్తల్ల ఒకాయన వచ్చి ఖాతాలన్ని పెట్టిండు. బిల్లుల వస్తది కాబట్టి ఇది ఆదాయమే అన్నడు. కాదు భాయ్ అంటే ఇనలే. ఏడాది తిరిగినంక చూస్తె ఖాతా ఖాళీ! నా పానం పోయినంత పనైంది. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలే. మార్చుడు నాకు రాదు. వాపస్ తెచ్చుడు వచ్చు. అట్లనే నడిపిస్తున్న."

"ఆడిటర్ అడగరా?"

"ఏటా అడుగుతడు. ఏటా చెప్త. ఏటా నవ్వుతడు."

ఒక బిల్లు తీసి చూపించారు. సరుకు, రేటు, పన్ను, అన్నిటికీ కింద చివరి వరుస: ధర్మం. బేలుకు రెండు రూపాయలు.

"మన ఓనర్ పెద్ద సార్ వాళ్ళ తాత షురూ చేసిండు. బేలు మోసేటోనికి ఏమన్న తక్లీఫ్ అయితే చూస్కోనీకి. కొనేటోళ్ళు ఇస్తరు, మనం దాస్తం. అంతే. అందుల మనది పైసా లేదు." తర్వాత బేళ్ళ వైపు చెయ్యి చూపించారు. "గిదుగో, ఈయనకు కడుపుల పేగు జారింది. ఆపరేషన్ చెయ్యాలన్నరు. మార్చి స్టాక్ లెక్క అయినంక, ఏప్రిల్ మొదటి వారంల పెట్టుకున్నం. ధర్మంల ఉన్నయి, సరిపోతయి."

నలుగురిలో ఒకాయన, నలభై ఐదేళ్ళుంటాయేమో, పొత్తికడుపు మీద చెయ్యి ఆన్చుకుని కూర్చున్నాడు. నావైపు చూసి నవ్వాడు.

"బరువు ఎత్తొద్దన్నడు మ్యాడం డాక్టరు. మరేం ఎత్తాలె?" ఆ రోజు సొరుగులో పెట్టడం మరిచిపోతే నా బ్యాగులోంచి బయటికి కనిపిస్తున్న పుస్తకం వైపు చూశాడు. "నీ తీరుగ పుస్తకాలు ఎత్తుకుంట తిరగాల్నా?"

పక్కవాళ్ళు నవ్వారు. నేను బ్యాగు మూసుకున్నాను.

"కొత్త మిషన్ల సుత తోల్కరావొచ్చు గదా బిడ్డా?" అని అడిగారు మునీమ్ గారు.

"చూస్త తాతా" అన్నాను.

చూడటానికేమీ లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదలు నిల్వల మీద కంపెనీలు చెయ్యి పెట్టలేవు. వాటిని అదే తెచ్చుకుంటుంది, రకాన్ని బట్టి. ఏప్రిల్ ఒకటిన ధర్మం ఖాతాలో సున్నా ఉంటుంది. వాపస్ తేవడానికి మునీమ్ గారికి దారి ఉండదు. అప్పటికి ఆయన ఉండరు కూడా. మార్చితో మానేస్తున్నారు. ఆ హమాలీ ఆపరేషన్ సొమ్ము లాభంలో కలిసిపోయి ఉంటుంది. కలిపింది నేను, రెండో రోజు, అరనిమిషంలో.

అప్పటికే లెక్కలు ఎక్కించేశాం కాబట్టి ఆ ఖాతా రకం మారదు. దాన్ని తీసేసి ఇంకోటి తెరవాలి. దానికి సార్ ఒప్పుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం చార్ట్‌కు తాళం వేస్తారు. తర్వాత మార్పులంటే వచ్చే ఏడాదే. ఆ రోజు మంగళవారం.

బుధవారం సార్ గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి లోపలినుంచి తలెత్తి చూశారు. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చినదానిలా బాటిల్ పైకెత్తి చూపించి, అక్కణ్ణుంచి వచ్చేశాను. గురువారం మెయిల్ రాశాను. ఏడు వరుసలు. పంపితే పిలిచి అడుగుతారు. అలాగే ఉంచేశాను. నాకు సిగ్గు ఎక్కువని అందరికీ తెలుసు, అమ్మకు ఇంకా బాగా తెలుసు. కానీ ఆ రెండు రోజులూ నన్ను ఆపింది సిగ్గు ఒక్కటే అని రాస్తే అబద్ధం అవుతుంది. తప్పు నాది. నోరు తెరిస్తే ముందు అదే చెప్పాలి.

నా చేతిలో ఉన్నది వివరణ గడి ఒక్కటే. తాళం పడేదాకా దాన్ని మార్చుకోవచ్చు. గురువారం సాయంత్రం బస్సులో డైరీ తీసి రాయడం మొదలుపెట్టాను. మౌలాలి వచ్చేసరికి పేజీన్నర అయింది. ఆ గడిలో రెండు వందల యాభైకి మించి అక్షరాలు పట్టవు. ఒత్తులు, గుణింతాలు కూడా విడిగా లెక్కపెడుతుంది అది. ఇంటికి వెళ్ళాక కొట్టేసుకుంటూ వచ్చాను. పెద్ద సార్ వాళ్ళ తాత పోయాడు. బర్రె పోయింది. జారిన పేగు పోయింది. అది కొట్టేసేటప్పుడు మాత్రం చాలాసేపు పట్టింది.

"ఏం రాస్తున్నవే, పరీక్ష ఉన్నట్టు?" అంది అమ్మ పప్పు పోపు పెడుతూ.

"ఆఫీసుదే."

"ఆఫీసుల తెలుగుల రాస్తరా?"

అప్పుడు గమనించాను. మిగతా వివరణలన్నీ ఇంగ్లీషులోనే రాశాను, పిల్లి పాలుతో సహా. ఇది ఒక్కటే తెలుగులో వచ్చింది. మార్చలేదు. శుక్రవారం పొద్దున వెళ్ళగానే ఆ గడిలో పాత రెండు మాటలూ తుడిచేసి ఇది పెట్టాను.

మీటింగ్‌లో చార్ట్ మొత్తాన్ని గోడకున్న తెర మీద చూపిస్తూ సార్ కిందికి జరుపుకుంటూ పోయారు. ఆస్తులు అయ్యాయి. అప్పులు అయ్యాయి. ఆయన మంచివారే, తొందర ఎక్కువ. ఆదాయాల్లోకి వచ్చారు. 4890 తెర మీద కింద కనిపించి పైకి జరగడం మొదలుపెట్టింది. చీటీ మీద ఒక వాక్యం రాసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాను. చెమటకు అది మెత్తబడిపోయింది.

"సార్" అన్నాను.

ఏసీ చప్పుడులో నాకే సరిగా వినిపించలేదు. 4890 తెర పైఅంచుకు చేరింది.

"సార్, ఆగండి ఒక్క నిమిషం" అంది అక్క, తన మామూలు గొంతుతో. "ఈ పిల్ల ఏదో అంటోంది."

అందరూ నావైపు తిరిగారు. ఆరుగురే, అయినా.

"ఏంది మ్యాడం, చెప్పుండ్రి" అన్నారు సార్. ఆయన నన్ను మ్యాడం అంటే ఎగతాళి అని అందరికీ తెలుసు. అందులో కోపం లేదని కూడా తెలుసు.

"4890 సార్. అది ఆదాయం కాదు. నేను తప్పు పెట్టిన."

"ధర్మం? బిల్లు మీద వసూలైంది ఆదాయం కాక ఏమైతది?"

చీటీ విప్పాను. ఏమీ కనిపించలేదు. "వివరణ చూడండి సార్" అన్నాను.

"ఏ వివరణ?"

"కింద గడి ఉంటది సార్."

ఆ గడి అక్కడుందని ఆయనకు తెలియదు. వెతికి తెరిచారు. "అరె, తెలుగుల రాసినవ్?" అన్నారు. తర్వాత చదివారు, పైకి, బడిలో చదివినట్టు కూడబలుక్కుంటూ:

"ఇది కంపెనీ సొమ్ము కాదు. కొన్నవాళ్ళు హమాలీల కోసం ఇచ్చినది. కొట్టు దాచి ఉంచుతుంది. ఏటా నిల్వ ముందుకు రావాలి. సున్నా చేస్తే ఏప్రిల్‌లో ఒకరి ఆపరేషన్ ఆగిపోతుంది."

చివరి వాక్యం కోసమే కదా మిగతావన్నీ కుదించుకున్నాను. పేగు మాట లేకుండానే ఆపరేషన్ ఆ గడిలో పట్టింది.

సార్ మిగతా వివరణలు కూడా ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టారు. కరెంటు షెడ్డుది చదివారు. పిల్లి పాలుది చదివారు. "ఇవన్నీ నువ్వే రాసినవా? ఎవరడిగిన్రు నిన్ను?" అన్నారు. అక్క నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకు కుర్చీ కిందికి దూరిపోవాలనిపించింది. నా డైరీ తెర మీద వేసినట్టుంది.

సార్ ఫోన్ తీసి మునీమ్ గారికి కలిపి, స్పీకర్‌లో పెట్టారు.

"మునీమ్ సాబ్, ధర్మం కింద ఎంత ఉంది?"

అవతల పుస్తకం చూడకుండానే అంకె చెప్పారు, పైసలతో సహా. తెర మీదున్న అంకెతో సరిపోయింది.

"ఇన్నేండ్ల సంది ఇది ఆదాయంల చూపించుకుంట వచ్చిండ్రు. ఇప్పుడు కాదంటే ఎట్ల?"

"చూపించింది కంప్యూటర్ సార్. నేను ఎన్నడు తీస్కోలే, మీ పెద్ద సార్‌ను సుత తీస్కోనియ్యలే."

"బ్యాంకోళ్ళు అడిగితే ఏం చెప్పాలె నేను?"

"బిల్లు చూపించున్రి. ధర్మం అని రాసి తీస్కున్నం. లాభం అని రాయలే గదా."

సార్ కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టుకుంటూ కూర్చున్నారు. తర్వాత చెప్పిన మాటలు మూడు. ఒకటి, అప్పుల కింద కొత్త ఖాతా తెరవండి, ఉన్న నిల్వంతా అందులోకి పోవాలి. రెండు, ఏప్రిల్ నుంచి ఐదు కంపెనీలకూ బిల్లు ఒకటే నమూనా కాబట్టి ధర్మం వరుస ఇక బిల్లు మీద ఉండదు. ఉన్నది అయిపోయేదాకా ఖాతా నడుస్తుంది.

"అయిపోయినంక?" అని ఫోన్‌లోంచి మునీమ్ గారు అడిగారు.

"అయిపోయినంక చూద్దాం సాబ్."

మూడో మాట నాకు. "అప్పు ఖాతాకు బాధ్యులు ఉండాలె. మునీమ్ సాబ్ మార్చితో పోతున్నడు. ఎవరి పేరు రాయాలె?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తెర మీద నా పేరు కొట్టారు. "తప్పు నీదే అన్నవ్ గదా. నెలకోసారి పో. ఎవరికి ఇచ్చిన్రు, ఎంత ఇచ్చిన్రు, సంతకాలు తెచ్చి పెట్టు."

2190. చార్ట్‌లో నా పేరున్న ఖాతా అదొక్కటే.

బయటికొచ్చాక అక్క నా వీపు మీద ఒకటి వేసింది. "పొద్దున్నుంచీ చూస్తున్నా నీ అవతారం. నాతో ముందే చెప్పుంటే ఈపాటికి నేనే అరిచేదాన్ని కదే!"

"అందుకే చెప్పలే అక్కా" అన్నాను. నిజంగానే అందుకు చెప్పలేదో లేదో నాకు తెలియదు. నోటికి అదొచ్చింది. ఆమె నవ్వింది.

ఏప్రిల్ ఒకటిన పొద్దున్నే సాఫ్ట్‌వేర్ తెరిచి 2190 చూశాను. మార్చి నెలాఖరున ఎంత ఉందో అంతే ఉంది. మునీమ్ గారికి ఫోన్ చేశాను, నాకు నేనుగా. "ఉన్నది తాతా" అన్నాను. "ఏంది?" అన్నారు. "బర్రె." "ఈసారి నేను తోల్కరాను పోకముందే వచ్చిందన్నట్టు" అన్నారు.

ఆపరేషన్ అయింది. సంతకం కోసం వెళ్తే ఆ హమాలీ వేలిముద్ర వేసి, ఎడమ చేతిదా కుడి చేతిదా అని అనుమానంతో ఇంకోటి కూడా వేశాడు. రెండూ ఫైల్లో ఉన్నాయి.

నెలకోసారి వెళ్ళడం నాకు అలవాటు కాలేదు. ప్రతిసారీ ముందురోజే మొదలవుతుంది గుబులు. అక్కడ నలుగురి మధ్య నిలబడి, ఏమైనా అవసరం ఉందా అని అడగాలి. ఇచ్చేవాళ్ళు అడగడం వేరు. నేను ఇచ్చేదాన్ని కూడా కాదు. ఒకరికి పిల్ల ఫీజు, ఒకరికి కళ్ళద్దాలు. నిల్వ తగ్గుతూ వచ్చింది. బిల్లుల్లోంచి ఏమీ రాదు కాబట్టి, తగ్గడమే ఉంటుంది. ఆ నిల్వను ప్రతి నెలా చూస్తూ, ఎన్ని నెలలు వస్తుందో డైరీలో వేసుకునేదాన్ని.

వానలకు ముందు టార్పాలిన్లకు గిరాకీ ఎక్కువ. జూన్‌లో నేను వెళ్ళిన రోజు కొట్టు నిండా జనం. ఆపరేషన్ అయిన ఆయన బేళ్ళు ఎత్తడం లేదు. స్టూల్ మీద కూర్చుని, బయటికి పోయే బేళ్ళను సుద్దముక్కతో గోడ మీద గీతలు పెట్టి లెక్కిస్తున్నాడు. మునీమ్ గారు మార్చిలోనే మానేశారు. అయినా పదకొండింటికి వచ్చి, అదే బల్ల దగ్గర, పేపరు చదువుతూ కూర్చుంటారు. పిల్లి ఆయన కాళ్ళ దగ్గర ఉంది.

తిరుమలగిరి నుంచి వచ్చిన లారీ ఓనర్ ఒకాయన బిల్లు అందుకుని, ముందూ వెనకా తిప్పి చూశాడు.

"ఏందీ బిల్లు? ధర్మం ఏడ వాయె?"

కొత్త గుమాస్తాకు తెలియదు. మునీమ్ గారు పేపరు దించకుండానే చేత్తో నన్ను చూపించారు. "ఆ బిడ్డను అడుగు. ఇప్పుడది ఆమె ఖాతా."

ఆయన నావైపు తిరిగాడు. పెద్ద మీసాలు, పెద్ద గొంతు. "ఏమ్మా, ఎందుకు తీసేసిన్రు? మా నాయన కాలం సంది ఇస్తున్నం. మేమేమన్న ఇయ్యం అంటిమా?"

కొట్టులో అందరూ వింటున్నారు. "బిల్లుల వరుస తీసేసిన్రన్నా" అన్నాను. "ఖాతా తియ్యలే."

"వరుస లేకుంటే చెయ్యి లేదా నాకు?" అని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై బేళ్ళకు నలభై రూపాయలు. "పట్టు. రసీదు రాయి."

కొట్టులో పాత రసీదు పుస్తకం ఉంది. మునీమ్ గారు సొరుగులోంచి తీసి నా ముందుకు జరిపారు. రాశాను. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, లారీ ఎక్కి పోయాడు. గోడ మీద ఇరవయ్యో గీత అప్పుడే పడింది.

మర్నాడు 2190లో నలభై రూపాయలు జమ వేశాను. మధ్యాహ్నం సార్ ఫోన్ చేశారు.

"ఈ నలభై ఏడికెల్లి వచ్చినయి? ఆ ఖాతాల జమ ఉండదనుకున్నం గదా."

"లారీ అన్న ఇచ్చిండు సార్. బిల్లుల లేదని అడిగి మరీ ఇచ్చిండు. రసీదు ఇచ్చిన."

"ఏ లారీ అన్న?"

రసీదు మీద నలభై అంకె బాగా గుండ్రంగా రాశాను. పేరు రాయడం మరిచిపోయాను.

"పేరు తెల్వదు సార్" అన్నాను. "ఆయనది తిరుమలగిరి. సరుకుకు మళ్ళీ వస్తడు. ఈసారి నేనే అడుగుత."